టెక్ సందేహాలు: మంచినీళ్ల ట్యాంకుకి గాలి ఆడకపోతే

పాత మోటార్‌హోమ్‌లలో, అంటే ఇల్లులా వాడుకునే బళ్లలో, మంచినీళ్ల ట్యాంకు గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను. ఒకరు పంపు పాడైందంటున్నారు, ఇంకొకరు ట్యాంకు కారుతోందంటున్నారు, మరొకరు మీటర్ తప్పు చూపిస్తోందంటున్నారు. దాదాపు అన్నిటికీ మూలం ఒక్కటే. నీళ్లు ఎటు పోతున్నాయో అందరూ చూస్తున్నారు, గాలి ఎటు పోవాలో ఎవరూ చూడటం లేదు.

ప్రశ్న: మాది 1970ల నాటి మోటార్‌హోమ్. బయట మూత తీసి గొట్టంతో నీళ్లు పడుతుంటే కాసేపటికే వెనక్కి చిమ్ముతున్నాయి. ట్యాంకు సగం కూడా నిండదు. లోపల కుళాయి తిప్పితే మొదట బాగానే వస్తాయి, తర్వాత ధార సన్నబడిపోయి పంపు మోత మారుతుంది. కొత్త పంపు వేయించమంటున్నారు. వేయించాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ధార సన్నబడిన సమయంలో, పంపు నడుస్తుండగానే బయట నీళ్లు పోసే మూత తీయండి. గాలి లోపలికి పోతున్న చప్పుడు వినిపించి, వెంటనే ధార పుంజుకుంటే మీ పంపు బాగానే ఉన్నట్టు. ట్యాంకు వెంట్, అంటే గాలి వచ్చిపోయే దారి, మూసుకుపోయింది.

ట్యాంకులోకి ఒక లీటరు నీళ్లు వెళ్లాలంటే ఒక లీటరు గాలి బయటికి రావాలి. నిమిషానికి 20 లీటర్లు పోస్తుంటే 20 లీటర్ల గాలికి దారి ఉండాలి. పంపు నీళ్లు లాగేటప్పుడు అదే గాలి తిరిగి లోపలికి రావాలి. దీనికోసమే ట్యాంకు పైభాగం నుంచి ఒక సన్నని గొట్టం బయట గోడకో, నీళ్లు పోసే మూతి దగ్గరికో వెళ్తుంది. అది మూసుకుపోతే, నీళ్లు దిగుతున్న గొట్టంలోంచే గాలి ఎదురు రావాలి. నిండు సీసాను బోర్లిస్తే గుడగుడమంటూ ఆగి ఆగి ఖాళీ అవుతుంది కదా, అదే ఇక్కడ తిరగేసి జరుగుతోంది.

ఎక్కడ మూసుకుపోయిందో తేలాలంటే ట్యాంకు పైనున్న వెంట్ గొట్టాన్ని ట్యాంకు దగ్గర ఊడదీయండి. సాధారణంగా మంచం కిందో, సీటు కిందో చెయ్యి అందుతుంది. ఐతే దాన్ని పట్టుకుని గుంజొద్దు. నలభై యాభై ఏళ్ల వినైల్ గొట్టం గట్టిపడి ఫిట్టింగ్‌ని పట్టేసి ఉంటుంది. గుంజితే గొట్టం రాదు, ట్యాంకు మీది ఫిట్టింగ్ విరుగుతుంది. వేడినీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచండి. అప్పటికీ రాకపోతే గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి తీయండి. ఎలాగూ అది పారేయాల్సిందే.

గొట్టం ఊడదీశాక, పక్కనే బకెట్, గుడ్డలు పెట్టుకుని మళ్లీ నీళ్లు పట్టండి. ఈసారి చిమ్మకుండా నిండితే తప్పు వెంట్ గొట్టానిదే. అప్పుడూ చిమ్ముతుంటే ట్యాంకు మీది ఫిట్టింగ్ రంధ్రంలో సున్నం పేరుకుని ఉండాలి, లేదా నీళ్లు పోసే పెద్ద గొట్టమే ఎక్కడో నలిగి ఉండాలి.

వెంట్ గొట్టం బయటి కొసను కూడా చూడండి. కందిరీగల్లాంటి పురుగులు అక్కడ మట్టిగూళ్లు కట్టుకుంటాయి. జాలీ ఉంటే దాని కళ్లు సున్నంతో పూడిపోతాయి. ఇవి కంటికి కనిపించేవి కాబట్టి తీసేయడం తేలిక. పాత బళ్లలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది, పైకి కనిపించనిది ఇంకొకటి ఉంది. గొట్టం మధ్యలో కిందికి వేలాడటం.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. వేలాడిన చోట నీళ్లు నిలుస్తాయి. ఆ వంపులో 15 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిస్తే, వాటిని తోసుకుని గాలి బయటపడటానికి కనీసం 15 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి కావాలి. నీళ్లు పోసే మూతి ట్యాంకు కన్నా ఓ 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మీకు దొరికే ఒత్తిడి మొత్తం అంతే. ఒక్క వంపుకే సగం ఖర్చయిపోయింది. ఇంకా ఘోరం ఏమిటంటే, వంపులు ఒకటికి రెండు ఉండి మధ్యలో గాలి చిక్కుకుంటే ఆ ఎత్తులన్నీ కలుస్తాయి. పది సెంటీమీటర్ల వంపులు మూడుంటే 30 సెంటీమీటర్లు. అంటే గొట్టంలో చెత్త ఏమీ లేకపోయినా, నోటితో ఊదితే గాలి పోతున్నా, ట్యాంకు మాత్రం నిండదు. ‘వెంట్ శుభ్రంగానే ఉంది, అయినా నిండటం లేదు’ అని రాసినవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

కాబట్టి కొత్త గొట్టం వేసేటప్పుడు ఒకే నియమం. ట్యాంకు నుంచి బయటి కొస వరకు ఎక్కడా దిగకుండా ఎక్కుతూనే పోవాలి. అడుగుకొక క్లాంప్ వేయండి. మూలల్లో నొక్కుకుపోని, లోపల దారాల అల్లిక ఉన్న, తాగునీటికి పనికొచ్చే రకం గొట్టం తీసుకోండి. పాతది 10 మిల్లీమీటర్లదైతే 13కి మారండి, దారి వైశాల్యం దాదాపు 70 శాతం పెరుగుతుంది. ఐతే ట్యాంకు మీది ఫిట్టింగ్ పాత సైజులోనే ఉండిపోతే పెద్ద గొట్టం వల్ల లాభం తక్కువ. రెండూ కలిపి మార్చండి.

ట్యాంకు పాలీఎథిలీన్‌దైతే దాని మీద ఏ జిగురూ నిలవదు. సిలికాన్ పూసి అతికించినవి కొన్నాళ్లకే ఊడతాయి. లోపలికి చెయ్యి పెట్టే వీలుంటే రబ్బరు వాషర్‌తో నట్టు బిగించే బల్క్‌హెడ్ ఫిట్టింగ్ వేయండి. వీలు లేకపోతే బయటినుంచే రంధ్రంలో కూర్చునే రబ్బరు సీల్ రకం ఉంది, అది వాడండి. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ ట్యాంకుకైతే సాల్వెంట్ జిగురు పనిచేస్తుంది. రంధ్రం చేసినప్పుడు లోపల పడిన ప్లాస్టిక్ పొట్టు మొత్తం తీసేయాలి, లేకపోతే అది నేరుగా పంపు ఫిల్టర్‌లోకి పోతుంది.

ఒక్క హెచ్చరిక. మూసుకుపోయిన వెంట్‌ని శుభ్రం చేద్దామని, గొట్టం ట్యాంకుకు తగిలించి ఉండగా కంప్రెసర్‌తో గాలి కొట్టొద్దు. 60 సెంటీమీటర్లు, 100 సెంటీమీటర్ల కొలతలున్న ట్యాంకు పలక మీద ఒక్క పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడి అంటే 420 కిలోల బరువు పెట్టినట్టు. కంప్రెసర్‌లో ఉండేది దానికి ఎన్నో రెట్లు.

ఈలోగా ప్రయాణం ఉంటే? నీళ్లు పోసే మూతిలోకి, దాని కన్నా బాగా సన్నని శుభ్రమైన గొట్టాన్ని లోతుగా దూర్చి, కుళాయి సగమే తిప్పి నింపండి. గొట్టం చుట్టూ ఖాళీ ఉంటుంది కాబట్టి గాలి అటునుంచి బయటికొస్తుంది. వాడుకునేటప్పుడు ఆ మూతను కొంచెం వదులుగా ఉంచండి. ఇది తాత్కాలికం మాత్రమే.

ప్రశ్న: ట్యాంకు నిండా నింపి బయలుదేరతాం. దిగేసరికి చాలా నీళ్లు పోయి ఉంటాయి. బండి ఆపి చూస్తే కింద ఎక్కడా కారడం లేదు. నీళ్లు ఎటు పోతున్నాయి?

జవాబు: వెంట్ గుండానే పోతున్నాయి. మీ వెంట్ గొట్టం కొస ఎక్కడుందో చూడండి. ట్యాంకు నుంచి కొద్దిగా పైకి లేచి, మళ్లీ బండి ఫ్లోర్ కిందికి దిగి ఉంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా, ఎత్తు ఎక్కినా నీళ్లు ఒక పక్కకు దూసుకెళ్లి వెంట్ రంధ్రాన్ని కప్పేస్తాయి. అలా గొట్టంలోకి ఎక్కిన నీళ్లు వంపు దాటి కిందికి జారడం మొదలైతే సైఫన్ పట్టుకుంటుంది. ఇక ఆ రంధ్రం నీటిలో మునిగి ఉన్నంతసేపూ లాగుతూనే ఉంటుంది. బండి చదునుగా ఆగగానే రంధ్రం బయటపడి సైఫన్ తెగిపోతుంది. అందుకే ఆపి చూసినప్పుడు మీకేమీ కనిపించదు.

గొట్టాన్ని వీలైనంత ఎత్తుకు, కనీసం నీళ్లు పోసే మూతి ఎత్తు దాకా తీసుకెళ్లండి. బయటి కొస అక్కడే ఉంటే ఇంకా మంచిది. కిందికి దించక తప్పకపోతే, పైవంపు దగ్గర గాలి లోపలికి తీసుకునే యాంటీ సైఫన్ వాల్వ్ పెట్టండి. అది గాలిని లోపలికి రానివ్వగానే సైఫన్ తెగుతుంది.

వెంట్‌కి మామూలు బాల్ వాల్వ్ బిగించి, నడిపేటప్పుడు మూసేసుకునే పద్ధతి కొందరు పాటిస్తారు. నేను దాన్ని సమర్థించను. ఒకసారి తెరవడం మర్చిపోయి పంపు వేస్తే ట్యాంకు గోడలు లోపలికి పీక్కుపోతాయి. మర్చిపోయి నీళ్లు నింపితే ఉబ్బుతాయి. జ్ఞాపకశక్తి మీద ఆధారపడే రక్షణ నాకు నచ్చదు.

ప్రశ్న: బండిని బయటి నీటి కనెక్షన్‌కి తగిలించి ఉంచితే, ట్యాంకు వాడకపోయినా వెంట్ నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ వెంట్‌కి బిరడా పెట్టేయొచ్చా?

జవాబు: దయచేసి పెట్టొద్దు! ఇప్పుడు మీ ట్యాంకును కాపాడుతున్నది ఆ వెంట్ ఒక్కటే. బయటి కనెక్షన్ ఒత్తిడి 40 పీఎస్ఐ, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుంది. పైన ఒక్క పీఎస్ఐకే ఎంత బరువో చెప్పాను. బిరడా పెడితే ట్యాంకు పగలొచ్చు, దాని మీదున్న మంచాన్ని కూడా ఎత్తేయొచ్చు.

కారణం వెతకడం కష్టం కాదు. పంపులో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ ఉంటుంది. అది అరిగినా, అందులో ఇసుక రేణువు ఇరుక్కున్నా బయటి నీళ్లు పంపు గుండా వెనక్కి వచ్చి ట్యాంకును నింపుతాయి. పంపు ఆపేసి, ట్యాంకు వైపు నుంచి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర తీసి ఆ కొసను మూయండి. ఇప్పుడు బయటి కనెక్షన్ తెరవండి. పంపు మూతి నుంచి నీళ్లు కారితే తప్పు పంపు వాల్వ్‌ది. పంపు తల భాగం విడిగా దొరికితే మార్చండి, లేదా పంపు తర్వాత లైన్‌లో వేరే నాన్ రిటర్న్ వాల్వ్ వేయండి. అక్కడ చుక్క కూడా రాకుండానే ట్యాంకు నిండుతుంటే, బయటి నీటిని ట్యాంకులోకి మళ్లించే వాల్వ్ ఉందేమో చూడండి. అది లీక్ అవుతోంది. రెండు సందర్భాల్లోనూ, బాగుచేసేదాకా బండి వదిలి వెళ్లేటప్పుడు బయటి కుళాయి కట్టేయండి. ప్రెజర్ రెగ్యులేటర్ లేకపోతే ఒకటి కొనండి.

ప్రశ్న: వెంట్ నుంచి నీళ్లు పొంగుతున్నా మీటర్‌లో ‘ఫుల్’ లైట్ వెలగదు. సెన్సర్ మార్చాలా?

జవాబు: ముందు బండి చదునుగా ఉందో లేదో చూడండి. ఐఫోన్‌లోనైతే మెజర్ యాప్‌లోనే లెవెల్ ఉంటుంది, ఆండ్రాయిడ్‌కి ఉచిత యాప్‌లు చాలా ఉన్నాయి. ఫోన్‌ని ట్యాంకు మీదే పెట్టి చూడండి. వెంట్ రంధ్రం ఉన్న మూల కిందికి వాలి ఉంటే, ఎదుటి మూలలో గాలి చిక్కుకుపోతుంది. నీళ్లు పొంగుతాయి కానీ పైనున్న సెన్సర్‌ని తాకవు. చదును చేసినా వెలగకపోతే అప్పుడు సెన్సర్ బోల్టుల మీద పేరుకున్న పొరను, తుప్పు పట్టిన వైర్లను అనుమానించండి. కొత్తది వేస్తే, ట్యాంకు బయటినుంచే అతికించే స్ట్రిప్ రకం సెన్సర్ నాకు ఇష్టం, అది నీటిని తాకదు. ఐతే లోహపు ట్యాంకులకు అది పనిచేయదు.

ఫోన్‌కి తగిలించుకునే సన్నని ఎండోస్కోప్ కెమెరా కూడా ఇలాంటి పనుల్లో బాగా అక్కరకొస్తుంది. ఫిట్టింగ్ లోపల సున్నం ఎంత పేరుకుందో, గొట్టం గోడ వెనక ఎటు వంగిందో విప్పకుండానే కనిపిస్తుంది. తాగే నీళ్ల ట్యాంకు కాబట్టి దూర్చేముందు శుభ్రంగా తుడవండి.

ప్రశ్న: మాది 1960ల నాటి ట్రైలర్, ఇనుప ట్యాంకు. ఎంత వెతికినా వెంట్ దొరకలేదు. కొత్తగా రంధ్రం చేయాలా?

జవాబు: ఆగండి. ఆ కాలపు ఎయిర్‌స్ట్రీమ్ వంటి ట్రైలర్లలో నీటి పంపు ఉండేది కాదు. చిన్న ఎయిర్ కంప్రెసర్ ట్యాంకులోకి గాలి కొడితే, ఆ ఒత్తిడికే నీళ్లు కుళాయికి వచ్చేవి. వాటికి వెంట్ ఉండకూడదు, పెడితే వ్యవస్థే పనిచేయదు. మీ ట్యాంకుకు కంప్రెసర్, ప్రెజర్ గేజ్ లాంటివి తగిలించి ఉన్నాయేమో చూడండి. అవి తీసేసి ఎవరో మామూలు 12 వోల్టుల పంపు బిగించి ఉంటే మాత్రం వెంట్ తప్పనిసరి. ఒత్తిడి పూర్తిగా దించేశాకే ఏ ఫిట్టింగ్ అయినా విప్పండి. లోపల తుప్పు కనిపిస్తే రంధ్రాల పని మానేసి, వెంట్ ఉన్న ప్లాస్టిక్ ట్యాంకుకే మారండి.

ప్రశ్న: ఇదంతా విప్పి బిగించాక ఆ నీళ్లు తాగొచ్చా?

జవాబు: బ్లీచ్‌తో కడిగాక తాగొచ్చు. సువాసన కలపని, 5–6 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉండే మామూలు ద్రవ బ్లీచ్‌ని ట్యాంకు లీటరుకు ఒక మిల్లీలీటరు లెక్కన తీసుకుని, నీళ్లలో కలిపి పోయండి. వెంట్ నుంచి పొంగేదాకా నింపితే కొత్త గొట్టం కూడా శుభ్రపడుతుంది. వాటర్ హీటర్‌కి బైపాస్ ఉంటే ముందే తిప్పుకోండి. ప్రతి కుళాయిలోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. సున్నం కరిగించడానికి వెనిగర్ వాడి ఉంటే, దాన్ని పూర్తిగా కడిగేశాకే బ్లీచ్ పోయాలి. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది, అదీ మీరు పడుకునే మంచం కింద.