అన్నతో మాట్లాడాల్సింది అమ్మ కాదు

కొండపి దగ్గరి పల్లె నుంచి ఒక తమ్ముడు రాశారు. ఈ ఏడు రెండో బ్యారన్ (పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం) కౌలుకు తీసుకుంటానని, 5 లక్షలు నూటికి 2 రూపాయల వడ్డీకి తెస్తానని అన్న అన్నాడట. వదిన తమ్ముడు పక్కనుండగానే ఈయన, "నీకేమన్నా బుద్ధుందా అన్నా, ఇల్లు గుల్ల చేస్తావా" అనేశారు. అప్పట్నుంచి అన్న పలకడం లేదు. వదిన అన్నం పెట్టి పక్కకెళ్లిపోతోంది. కాళ్లు పట్టుకోమంటోంది అమ్మ. "ఘాటుగా మాట్లాడటం తప్పా? పట్టుకోవాలా?" అని ప్రశ్న.

కాళ్ల సంగతి వదిలేయండి. పంట లెక్కలు, పెళ్లి ఖర్చు, ఇంటి అప్పు, అన్నీ ఇన్నేళ్లూ అమ్మ చేతే చెప్పించానని మీరే రాశారు. ఆవిడ ఎవరికీ నొప్పి తగలకుండా మెత్తజేసి చేరవేసింది. మీకు ఎంత ఇష్టం లేదో అన్నకు ఆ రోజు దాకా తెలియనే లేదు. అలవాటు లేక నోరు తెరిచేసరికి మీకూ కేకే వచ్చింది. ముందు అమ్మను ఆ పని నుంచి తప్పించండి.

పొద్దున్నే, ఇద్దరే కూర్చోండి. వేలం నుంచి వచ్చిన సాయంత్రం వద్దు, ధర పడిన రోజు ఏ మాటా చెవికెక్కదు. "అందరి ముందు ఆ మాట అనకూడదు, తప్పు నాదే" అని ఆగండి. వెనకే "కానీ" తగిలిస్తే చెప్పిందంతా పోతుంది. తర్వాత కాగితం తీయండి. వడ్డీ నెలకు 10,000, ఏడాదికి 1,20,000. దాని కింద కౌలు, నారు, ఎరువు, ఆకు కొట్టే కూలి, కట్టెలు. పొగాకు బోర్డు బ్యారన్‌కు ఎన్ని క్వింటాళ్లు అనుమతించిందో అదీ. అంకెలు అన్న చేతే వేయించండి. "నువ్వెప్పుడూ ఇంతే" అనొద్దు, పాత నష్టాలు తవ్వొద్దు. బుద్ధి మాట ఎత్తితే ఆయన పరువు కాపాడుకునే పనిలో పడతాడు, లెక్క చూడడు.

అప్పుడు గట్టిగానే చెప్పండి: "ఈ అప్పుకు నేను సంతకం పెట్టనన్నా." ఈ మాట మెత్తబరచొద్దు. అప్పు నోటు మీద మీ సంతకమూ పడితే అప్పిచ్చినవాడు మొత్తం మీ ఒక్కరినే అడగొచ్చు. పెద్దాడు చాపిన కాగితం మీదల్లా తలొంచుకుని సంతకం పెట్టడాన్ని గౌరవం అంటే నేనొప్పుకోను.

వదినకు వేరేగా చెప్పాలి. పుట్టింటి మనిషి ముందు ఆమె మొగుణ్ణి చులకన చేశారు. ఆమెకు ఈ లెక్కలేవీ విప్పొద్దు, తప్పు ఒప్పుకోండి చాలు. ఆమె తమ్ముడికీ మీరే ఫోన్ చేయండి, అమ్మ చేత చేయించకండి.