ల్యాప్‌టాప్ ఆన్ చేసిన క్షణం నుంచే స్క్రీన్ రీడర్ మాట్లాడేలా చేయొచ్చా?

చూపు లేని మీ తమ్ముడికి కాలేజీ కోసం విండోస్ ల్యాప్‌టాప్ కొన్నామని, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ, పాస్‌వర్డ్ కొట్టేదాకా నోరు విప్పడం లేదని రాశారు. నేనూ చూపు లేనివాణ్నే. సికింద్రాబాద్‌లో ఉంటాను, ఆఫీసు పనంతా ఎన్‌వీడీఏతోనే. మీరడిగినదాంట్లో సగం ఇవాళే అవుతుంది.

ముందు పాస్‌వర్డ్ తెర సంగతి చూడండి, రోజూ ఏడిపించేది అదే. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్‌సర్ట్), కంట్రోల్, జి కలిపి నొక్కితే జనరల్ సెట్టింగ్స్ వస్తాయి. సైన్ ఇన్ అప్పుడు ఎన్‌వీడీఏ వాడాలా అన్నచోట టిక్ పెట్టండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. సేవ్ చేసుకున్న సెట్టింగులనే సైన్ ఇన్‌లోనూ వాడమనే బటన్ కూడా అక్కడే ఉంటుంది, అదీ నొక్కాలి. అప్పుడే తమ్ముడికి అలవాటైన గొంతు, వేగం ఆ తెర మీదా వస్తాయి. ఎన్‌వీడీఏకి విడిగా చేర్చుకున్న యాడ్-ఆన్లు ఉంటే అవీ అక్కడికి కాపీ అవుతాయి కాబట్టి నమ్మకం లేనివాటిని ముందే తీసేయండి. ఎప్పుడైనా ఎన్‌వీడీఏ పలక్కపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కమనండి, విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నరేటర్ లేస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో విండోస్ స్టార్టప్ సౌండ్ కూడా ఆన్ చేసి పెట్టండి, విండోస్ లేచిందని చెవికి తెలుస్తుంది.

ఇక పాస్‌వర్డ్ తెరకంటే ముందుండే నిశ్శబ్దం సంగతి. స్క్రీన్ రీడర్ విండోస్ లోపల నడిచే ప్రోగ్రాం. ఆన్ చేయగానే మెషీన్‌ను లేపే ప్రోగ్రాం బయోస్. అది నడిచేటప్పుడు విండోస్ ఇంకా లేవదు, దాని సౌండ్ డ్రైవరూ ఉండదు. విండోస్‌కు బదులు వాడే లినక్స్‌లో మనకంటే ముందుకెళ్లారు. స్పీకప్ అనే స్క్రీన్ రీడర్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటుంది, 2020లో 5.9 వెర్షన్‌తో ప్రయోగ దశ (స్టేజింగ్) దాటి అందులో పూర్తి భాగమైంది. సీరియల్ పోర్టుకు తగిలించే స్పీచ్ సింథసైజర్ (మాట పలికే పరికరం) ఉంటే బూట్ మెసేజీలనూ చదువుతుంది. డెబియన్ అనే లినక్స్ ఇన్‌స్టాలర్ అయితే మెనూ రాగానే బీప్ కొడుతుంది, ఎస్ నొక్కి ఎంటర్ కొడితే మాట మొదలవుతుంది. ఇంత జరిగినా బయోస్ తెర మాత్రం చాలా మెషీన్లలో మూగదే. అంత డబ్బు పోసి కొన్న మెషీన్‌లో ఒక్క సెట్టింగ్ మార్చడానికి ఇంకొకరి కళ్లు అడుక్కోవాల్సి రావడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ప్రస్తుతానికి దారులున్నాయి. డెల్ ల్యాటిట్యూడ్ లాంటి ఆఫీసు మోడళ్లకు డెల్ కమాండ్ కాన్ఫిగర్ అనే సాధనం ఉంది, బయోస్ సెట్టింగులు విండోస్ లోపలి నుంచే, కమాండ్లతో మార్చుకోవచ్చు. లేదంటే ఫోన్‌లో సీయింగ్ ఏఐ అనే యాప్ తెరిచి తెర ముందు పట్టుకోమనండి, అక్షరాలు చదివేస్తుంది. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ర్యామో ఎస్ఎస్‌డీయో వేయిస్తే, ల్యాప్‌టాప్ చేతికిచ్చే ముందు షాపులోనే ఆన్ చేయించి, నేరుగా సైన్ ఇన్ దాకా వచ్చి మాట్లాడుతోందో లేదో తమ్ముణ్నే వినమనండి.

ఒకటి మాత్రం వాయిదా వేయకండి. బయోస్ అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ తెరా విండోస్ లేవకముందే వస్తుంది, మామూలుగా ఏమీ పలకదు. కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసి, తమ్ముడు తన ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్) తనంతట తాను వినగలిగే చోట దాచి పెట్టండి.