కోర్టు విచారణకు నిలవలేని రోగులను పరీక్షించే పని: అమ్మాయి ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న: మాది కడప జిల్లా జమ్మలమడుగు. మా అమ్మాయి సైకాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. మతిస్థిమితం లేక కోర్టు విచారణ ఆగిపోయిన రోగులకు జ్ఞాపకశక్తి, గ్రహణశక్తి పరీక్షలు చేసే పనిలో చేరతానంటోంది. అలాంటి ఉద్యోగం మన దగ్గర ఉందా? అందుకు లా చదవాలా? ఆడపిల్లకు ఆ పని క్షేమమేనా? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ అమ్మాయి కోరుకుంటున్న పనికి మన చట్టంలోనే చోటుంది. నిందితుడు తన వాదన చెప్పుకోలేని మానసిక స్థితిలో ఉన్నాడని మేజిస్ట్రేటుకు అనిపిస్తే మొదట జిల్లా ప్రభుత్వ వైద్యాధికారి అయిన సివిల్ సర్జన్ చేత పరీక్ష చేయించాలని, ఆయన కూడా అదే నిర్ధారిస్తే సైకియాట్రిస్టు వద్దకు గానీ క్లినికల్ సైకాలజిస్టు (మానసిక రోగులకు ఇలాంటి పరీక్షలు చేసే నిపుణుడు) వద్దకు గానీ పంపాలని, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 367వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి లా డిగ్రీ అవసరం లేదు. కావలసింది క్లినికల్ సైకాలజిస్టుగా గుర్తింపు.

నేరం జరిగిన నాడు ఆ మనిషి మనసు ఎలా ఉందన్నది ఒక ప్రశ్న. ఈరోజు తనపై ఉన్న అభియోగాన్ని అర్థం చేసుకుని, తన వకీలుతో మాట్లాడి, తన పక్షాన జవాబు చెప్పుకోగలడా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఈ రెండోదానికి సంబంధించినది. స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఉన్నవారికి మందులతో చెవిలో వినిపించే మాటలు, అనుమానాలు తగ్గినా, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఆలోచనలోని చురుకుదనం చాలామందిలో అంతగా మెరుగుపడవు. జడ్జి ఎవరో, వకీలు ఎవరో ఈరోజు చెప్పించుకున్న రోగి రేపటికి మరచిపోవచ్చు. పది, పదిహేను నిమిషాల స్క్రీనింగ్ పరీక్షతో ఈ లోపాన్ని ముందే పసిగడితే, నెమ్మదిగా, చిన్న చిన్న ముక్కలుగా, మళ్లీ మళ్లీ చెప్పాలని వైద్య బృందానికి తెలుస్తుంది. చేతుల వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ వంటి మందులే జ్ఞాపకశక్తిని మందగింపజేస్తున్నాయేమో చూడవలసిన అవసరం కూడా అప్పుడే బయటపడుతుంది.

అయితే ఆ స్క్రీనింగ్ పరీక్షలో వచ్చే మార్కులు తీర్పు కావు. 30కి 28 వచ్చిన మనిషి తన వకీలు శత్రువులతో కుమ్మక్కయ్యాడని గట్టిగా నమ్ముతూ ఉండవచ్చు. 19 వచ్చిన మనిషి తన కేసు గురించి చక్కగా చెప్పగలిగి ఉండవచ్చు.

నేను అన్నిటికంటే ఎక్కువగా నొక్కి చెప్పదలచినది భాష గురించి. 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ, 2005లో వచ్చిన మోకా వంటి 30 మార్కుల పరీక్షలు బడికి వెళ్లినవారిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పెన్సిలు పట్టని మన సీమ రైతును ఒకదానిపై ఒకటి పడిన ఐదు భుజాల బొమ్మలు రెండు గీయమంటే మార్కు పోతుంది, కానీ పోయింది ఆయన మతి కాదు. ఇది ఏ నెల అంటే ఆయన శ్రావణం అంటాడు, అది సరైన జవాబే. వందలోంచి ఏడేడు తీసివేస్తూ రమ్మంటే తడబడే మనిషి వేరుశనగ కాయల తూకంలో తరుగు పోను రావలసిన డబ్బును నోటిలెక్కగా చెప్పగలడు. ఆదోని వైపు నుంచి వచ్చిన రోగికి ఇంటిభాష కన్నడమో ఉర్దూయో అయితే తెలుగులో పెట్టిన పరీక్ష కూడా అన్యాయమే. అందుకే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగు, కన్నడం సహా ఐదు భారతీయ భాషల్లో గ్రహణశక్తి పరీక్షల సంపుటిని తయారు చేయించింది. ఈ ప్రాంతపు యాస, పల్లె లెక్కలు తెలిసిన మీ అమ్మాయి వంటి పిల్లలు ఈ పనిలోకి రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకునేది ఇందుకే.

వైద్యుల నిర్ధారణను ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందో అస్సాంలో మచల్ లాలుంగ్ అనే గిరిజనుడి జీవితం చూపింది. 1951లో అరెస్టయి తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి చేరిన ఆయన, కోలుకున్నాడని 1967లోనే వైద్యులు చెప్పినా, విచారణ లేకుండానే 2005 వరకు బందీగా ఉండిపోయారు.

ఇక చదువు సంగతి. పీజీలో సైకాలజీ చదివాక, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సు పూర్తిచేసి, ఆ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఇన్నేళ్లూ ఆ కోర్సు రెండేళ్ల ఎంఫిల్‌గా ఉండేది. యూజీసీ దానిని 2025-26 విద్యాసంవత్సరం వరకే పొడిగించినందున, చేరే ముందు ఆ కోర్సు కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో తప్పక సరిచూసుకోండి. ఫోరెన్సిక్ (నేరాలు, కోర్టులకు సంబంధించిన) సైకాలజీ అన్న పేరు చూసి మాత్రం తొందరపడి డబ్బు కట్టవద్దు. ఆ డిగ్రీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు దొరకదు. కోర్టు పంపే రోగులను మాత్రమే చూసే ఉద్యోగాలు చాలా తక్కువ. మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగంలోనో, మానసిక ఆసుపత్రిలోనో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలోనో పనిచేస్తూ, అందులో భాగంగా ఈ కేసులను చూడవలసి ఉంటుంది.

క్షేమం గురించి మీ భయం సహజమే. రోగిని చూసేటప్పుడు సిబ్బంది అందుబాటులో ఉంటారు, ఎస్కార్టు పోలీసులు ఉంటారు. గదిలో తలుపు దగ్గరి కుర్చీలో తాను కూర్చోవడం వంటి జాగ్రత్తలు శిక్షణలోనే నేర్పుతారు. ఫీజు కట్టకముందే, ఈ సెలవుల్లో కడప రిమ్స్ సైకియాట్రీ విభాగాధిపతికి కాలేజీ ద్వారా ఉత్తరం పెట్టించి, కొన్ని రోజులు ఓపీ చూసేందుకు అనుమతి అడగమనండి. మొదటి రోజు మీరూ వెంట వెళ్లండి.