కర్నూలు నల్లరేగడిలో ఇల్లు: జోన్ 2 అన్న మాట ఒక్కటే చాలదు

"కర్నూలు జోన్ 2లో ఉంది కాబట్టి హంద్రీ నది దగ్గర నల్లరేగడి స్థలంలో కట్టే మూడంతస్తుల ఇంటికి భూకంపం గురించి ఆలోచించనక్కర్లేదని మా మేస్త్రి అంటున్నారు, నిజమేనా?" అని మీరు అడిగారు. పూర్తిగా నిజం కాదు. ఈ చుట్టుపక్కల ఏళ్లుగా మట్టి పరీక్షల పనిలో ఉన్నవాడిగా, మీ స్థలానికి పనికొచ్చే సంగతులు చెబుతాను.

జోన్ అన్నది ఒక ప్రాంతం మొత్తానికి వేసిన భూకంప ప్రమాద అంచనా. భూకంపాలను తట్టుకునే కట్టడాల కోసం ఉన్న భారత ప్రమాణం (కోడ్) ఐ.ఎస్. 1893 (2016) ప్రకారం, ఊపు బలాన్ని లెక్కలోకి తెచ్చే గుణకం జోన్ 2కు 0.10, జోన్ 5కు 0.36. 1993 సెప్టెంబరు 30న లాతూరు జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఆ ప్రాంతం అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది. 2002 సవరణలో ఆ జోన్‌ను తీసేసి జోన్ 2లో కలిపారు. అక్కడ ప్రాణాలు తీసింది ప్రధానంగా మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, బరువైన మట్టి మిద్దెలు. మన పల్లెల్లో అలాంటి మిద్దెల కింద నేటికీ జనం పడుకుంటున్నారు గనుక ఆ విషయం నన్ను కలవరపెడుతూనే ఉంటుంది.

ఇక మీ నేల సంగతి. భూకంప తరంగం గట్టి రాతిలో వేగంగా సాగి, మెత్తటి మట్టిలోకి రాగానే నెమ్మదిస్తుంది. వేగం తగ్గిన మేరకు ఊపు పెరుగుతుంది. పైగా ప్రతి మట్టి పొరకూ తనదైన ఊగే కాలం, అంటే ఒకసారి అటూ ఇటూ ఊగడానికి పట్టే సమయం, ఒకటి ఉంటుంది. పొర మందాన్ని నాలుగుతో హెచ్చించి, ఆ మట్టిలో ఎస్ తరంగ (నేలను అడ్డంగా ఊపే భూకంప తరంగం) వేగంతో భాగిస్తే అది తెలుస్తుంది. కట్టడం ఊగే కాలం కూడా దానికి దగ్గరగా ఉంటే, ఉయ్యాలను సరిగ్గా దాని లయలోనే తోసినట్టు ఊపు పెరిగిపోతుంది. 1985లో మెక్సికో నగరంలో జరిగింది ఇదే: భూకంప కేంద్రం 350 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్నా, పాత సరస్సు అడుగు బంకమట్టి దాదాపు రెండు సెకన్ల లయలో ఊగడంతో మధ్యస్థమైన ఎత్తున్న భవనాలు ఎక్కువగా కూలాయి.

మీ ఇంటి కాలం, అంతస్తుకు పదోవంతు సెకను అనే స్థూల లెక్కన, 0.3 సెకన్లు. రేగడి రెండు మూడు మీటర్లే ఉండి దాని కింద గరుసు తగిలితే మట్టి కాలం చాలా తక్కువ, అంత భయం లేదు. పునాదిని గరుసు దాకా దించితే సరిపోతుంది. కానీ స్థలం పూడ్చిన వంక మీదో, హంద్రీ ఒండ్రు మీదో ఉండి, ఎస్ తరంగం సెకనుకు 150 మీటర్ల వేగంతో సాగే మట్టి పది మీటర్లు ఉంటే దాని కాలం 0.27 సెకన్లు, అంటే దాదాపు మీ ఇంటి కాలమే. ఇక్కడ ఒక మెలిక ఉంది: ఊగే కాలం 0.40 సెకన్ల లోపున్న కట్టడాలకు, భూకంప బలం లెక్కలో వాడే అంకెను కోడ్ రాతికీ మెత్తటి మట్టికీ ఒకేలా, 2.5గా, ఇస్తుంది. అందువల్ల కోడ్ లెక్క మాత్రమే చూసే డిజైనరు "తేడా లేదు" అంటే ఆయన తప్పు చెప్పినట్టు కాదు, కానీ మీ స్థలం అడుగున ఉన్న లయ ఆ లెక్కలోకి రాలేదు.

కర్నూలు పాతబస్తీ వైపు ఒకే లేఅవుట్‌లో నేను చూసిన బోర్లలో ఒక చివర కాసేపటికే గరుసు తగిలి గొట్టం మొరాయిస్తే, రెండో చివర ఎంత దిగినా వేళ్లకు అంటుకునే బూడిదరంగు బంకమట్టే వచ్చింది. పక్కింటివారి రిపోర్టు మీకు పనికిరాదనడానికి కారణం ఇదే.

పరీక్ష ఎప్పుడు చేయిస్తారన్నది కూడా ముఖ్యమే. ఏప్రిల్‌లో రేగడి గడ్డపారకు కూడా లొంగదు; అప్పుడు ఎస్.పి.టి. చేస్తే, అంటే 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలు లెక్కిస్తే, ఆ దెబ్బల సంఖ్య, అంటే ఎన్ విలువ, ఎక్కువగా వస్తుంది. వానలు పడ్డాక అదే మట్టి మెత్తబడి ఆ విలువ పడిపోతుంది. అందుకే వర్షాకాలం చివర చేయించండి.

మన దగ్గర చాలా రిపోర్టుల్లో నేల భారమోసే శక్తి ఒక్కటే రాస్తారు. మీరు లోతువారీగా ఎన్ విలువలు, నీటిమట్టం, కోడ్ ప్రకారం మట్టి రకం కూడా రాసివ్వమని ముందే అడగండి. ఎన్ విలువ పదిలోపు వస్తే మెత్తటి నేల. నది పక్కన నీళ్లలో మునిగిన వదులు ఇసుక తగిలితే అది వేరే సమస్య, జియోటెక్నికల్ ఇంజనీరుకు చూపించాల్సిందే. నేలకు సుత్తి దెబ్బ కొట్టి, వరుసగా పరిచిన జియోఫోన్లతో (నేల కంపనాలను పట్టే పరికరాలు) తరంగ వేగం కొలిచే మాస్వ్ పరీక్ష మీ ఇంటికి అక్కర్లేదు, అపార్ట్‌మెంట్‌కో ఆసుపత్రికో అయితే తప్పక చేయించమంటాను.

మేస్త్రితో మాత్రం ఒక విషయం గట్టిగా చెప్పండి: స్తంభాల రింగుల కొక్కేలను 135 డిగ్రీలకు వంచి, కొసలు లోపలి కాంక్రీటులోకి పోయేలా కట్టించాలి. భూకంపాలను తట్టుకునేలా కాంక్రీటులో ఇనుము అమర్చే పద్ధతి చెప్పే కోడ్ ఐ.ఎస్. 13920 (2016) జోన్ 2లో దీన్ని తప్పనిసరి చేయలేదు, అయినా ఖర్చులో తేడా స్వల్పమే. కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా వదిలేస్తున్నట్లయితే ఆ స్తంభాలను డిజైనరు చేత విడిగా లెక్క కట్టించండి.