హాస్టల్ వార్డెన్‌గా చేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మీ మామయ్య ఆశీస్సులు.

అమీర్‌పేటలో ఇంటర్ అమ్మాయిల హాస్టల్‌కు వార్డెన్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కళాశాలలో లెక్కలు చెప్పినవాడిగా నేను నీకు చెప్పదలచింది ముఖ్యంగా ఒక్కటే. పిల్లలకు సహాయం దొరికే చోట్లు వారికంటే ముందు నీకు తెలిసి ఉండాలి. తెలిసి ఉండడమంటే నంబర్ల కాగితం గోడకు అంటించడం కాదమ్మా.

నా పదవీ విరమణకు కొన్ని నెలల ముందు, రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు అన్నం సరిగా తినక, చివరి బెంచీకి మారిపోయి, తన నోటు పుస్తకాలన్నీ స్నేహితులకు ఇచ్చేయడం మొదలుపెట్టాడు. నేను ఒక చీటీ మీద మానసిక సహాయం అందించే ఫోన్ నంబరు 14416 రాసిచ్చి, నా పని అయిపోయిందనుకున్నాను. పది రోజుల తరువాత అడిగితే ఆ చీటీని జేబులోంచి తీశాడు, మడత కూడా విప్పలేదు. ఆ రోజు స్టాఫ్ రూములో వాడి పక్కనే కూర్చుని, నా ఫోన్ నుంచే కలిపి, భాష అడిగినప్పుడు తెలుగు ఎంచి, వాడి చేతికిచ్చి నేను వరండాలో నిలబడ్డాను. చాలాసేపు మాట్లాడాడు. ఆ పది రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

14416 అనేది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ నంబరు. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది. మొదట కౌన్సెలర్ మాట్లాడి, అవసరమైతే మానసిక వైద్యులకు అప్పగిస్తారు. సికింద్రాబాద్ సింధీ కాలనీలోని రోష్ని సంస్థవారు కూడా ఫోన్‌లో ఓపికగా వింటారు. ర్యాగింగ్ అయితే 1800-180-5522, ప్రాణాపాయమైతే 112, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు 1098. వెంటపడి వేధించేవారి విషయం మహిళల రక్షణకు ఉన్న పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పు.

ఏ అమ్మాయైనా బతుకు మీద విరక్తిగా మాట్లాడితే, "చనిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం నిరాధారం, అడగడం వల్ల వారి బరువు కొంత దిగుతుంది. అవునంటే ఆమెను ఒంటరిగా వదలకు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకు. పోలీసు కేసవుతుందని తల్లిదండ్రులు దాచబోతే, ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోందని వారికి నెమ్మదిగా వివరించు.

ఇక యాజమాన్యం సంగతి. 2025 జూలైలో, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో, సుప్రీంకోర్టు హాస్టళ్లకూ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరినైనా నియమించాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం మానాలి. మీ స్టడీ హాలులో ర్యాంకుల పట్టిక ఉంటే ముందు దాన్ని తీయించు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడకు. రాత్రి పదిన్నరకు దీపాలార్పించడం కూడా చదువుకు మేలే, నిద్ర లేని బుర్రకు కాల్క్యులస్ ఎక్కదని నేను ఏళ్ల తరబడి చూశాను.

ఎర్రగడ్డ పేరునే మన ఊళ్లో తిట్టుగా వాడుతారు. అందుకే అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు వెళ్లవలసిన పిల్లలు కూడా జంకుతారు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అయితే మీకు దగ్గరైనది ఎర్రగడ్డే, అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్. ఏ బిడ్డనూ తీసుకువెళ్లవలసిన అవసరం రాకముందే ఓపీ చీటీ ఎక్కడ ఇస్తారో, ఎక్కడ కూర్చోవాలో నీ కళ్లతో చూసి రావాలి. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకు అమీర్‌పేట స్టేషన్ మెట్ల దగ్గర ఉంటాను, కలిసి వెళ్దాం.

ఇట్లు,
మీ మామయ్య