అలిపిరిలో సంచి ఇచ్చి మెట్లెక్కినట్టు

తిరుపతి, కొర్లగుంట

అమ్మా, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు ఉత్తరం అడుగున మొహమాటంగా రాసిన నాలుగు లైన్ల గురించి. "సార్, ల్యాప్‌టాప్‌లో ఉబుంటు తీసేసి మింట్ వేసుకుందామనుకుంటున్నా. కథలన్నీ అందులోనే ఉన్నాయి. పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. మిమ్మల్ని ఇలాంటివి అడగొచ్చా?" అన్నావు. నిక్షేపంగా అడగొచ్చు. ఉబుంటు, మింట్ రెండూ విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే లైనక్స్‌లో రకాలే. నేను ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణే.

2011 ఎండాకాలం. నవల అయిదు అధ్యాయాలయింది, ఆరోది కదలడం లేదు. తప్పంతా కంప్యూటర్‌దేనని నాకు నేనే నచ్చజెప్పుకుని, రాత్రి పదకొండింటికి కొత్త లైనక్స్ సీడీ పెట్టాను. డిస్కంతా తుడిచేసి వేయాలా, ఇంకోలా వేయాలా అని ఇన్‌స్టాలర్ అడిగింది. మొదటిదాని పక్కన చుక్క ముందే పెట్టి ఉంది. చదవకుండా నెక్స్ట్ కొట్టాను. కాసేపటికి తళతళలాడే డెస్క్‌టాప్ వచ్చింది. డాక్యుమెంట్స్ తెరిస్తే ఖాళీ.

వారం రోజులు ఫోటోరెక్ అనే ప్రోగ్రాముతో ఆ డిస్కును తవ్వాను. అది ఫైళ్లను తీసిస్తుంది గానీ వాటి పేర్లు తీసుకురాదు. ఎఫ్ అనే అక్షరం, దాని వెనక బారెడు అంకెలు. అలాంటివి వందల కొద్దీ వచ్చాయి. ఒకటి తెరిస్తే కరెంటు బిల్లు మీద రాసిన అర్జీ, ఇంకోటి తెరిస్తే ఎవరిదో పెళ్లిపత్రిక. అయిదు అధ్యాయాల్లో రెండు దొరికాయి. మిగతావి మళ్లీ రాశాను. మళ్లీ రాస్తే ఇంకా బాగా వస్తుందంటారే, ఆ మాట నమ్మొద్దు. మా అవ్వ చింతపండు దంచుతూ తన పెళ్లి గురించి చెప్పే ఘట్టం ఈరోజుకీ ముందులా రాలేదు.

ఇప్పుడు నీ విషయం. లైనక్స్‌లో సిస్టం ఒక చోట ఉంటుంది, నీ సామానంతా హోమ్ అనే ఫోల్డర్లో నీ యూజర్‌నేమ్ కింద ఉంటుంది. ఆ హోమ్‌ను వేరే పార్టిషన్‌లో, అంటే డిస్కులోనే విడగొట్టిన ఇంకో గదిలో పెట్టుకుంటే సిస్టం ఎన్నిసార్లు మార్చినా దాని జోలికి పోనక్కర్లేదు. కొండకు నడిచిపోయేవాళ్లు అలిపిరిలో సంచులు కౌంటర్లో ఇచ్చి రసీదు తీసుకుంటారు చూడు, ఇదీ అంతే. మనిషి మెట్లెక్కుతాడు, సంచి రోడ్డున బండిలో పోతుంది, పైన రెండూ కలుస్తాయి. అలాగని ఆ సంచిలో బంగారం పెట్టి ఇచ్చేవాళ్లను నేను చూడలేదు. పార్టిషన్ వేరైనా డిస్కు ఒకటే. అది చెడిపోతే రెండూ పోతాయి. అందుకని బయట ఇంకో కాపీ ఉండి తీరాలి.

నీ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు షాపువాళ్లు వేసిచ్చారన్నావు. ఉబుంటును మామూలుగా వేస్తే హోమ్‌కు వేరే పార్టిషన్ చేయదు, అన్నీ ఒకే దాంట్లో పెడుతుంది. డిస్క్స్ అనే ప్రోగ్రాము తెరిస్తే నీకే తెలుస్తుంది. అట్లా ఉంటే మొదట అన్నీ బయటి హార్డ్ డిస్కులోకి ఎక్కించాల్సిందే. మింట్ వేసేటప్పుడు సిస్టంకు ఓ 60 జీబీ ఇచ్చి, మిగతాదంతా హోమ్‌కు వదిలెయ్. ఈ తిప్పలు ఈ ఒక్కసారికే.

ఎక్కించేటప్పుడు అందరూ మర్చిపోయేది ఒకటుంది. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లు మామూలుగా కనిపించవు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటికొస్తాయి. డాట్ కాన్ఫిగ్, డాట్ లోకల్, డాట్ థండర్‌బర్డ్ లాంటివి. నీ మెయిళ్లు, సెట్టింగులు, నువ్వు వేసుకున్న ఫాంట్లు అక్కడుంటాయి. ఫైర్‌ఫాక్స్ మాత్రం కొత్త ఉబుంటుల్లో స్నాప్ అనే ఫోల్డర్లో కూర్చుంటుంది, మరీ కొత్తవాటిల్లో థండర్‌బర్డ్ కూడా. దానికి చుక్క లేదు. ఇదేదో అక్కర్లేనిదిలే అని వదిలేస్తే నీ బుక్‌మార్కులన్నీ పోతాయి.

వీటన్నిట్లో నాకు ప్రాణమైనది ఒక చిన్న ఫైలు. కథలో పిలకాయలు అనో, ఊరిబిండి అనో రాసినప్పుడు, మనం కథలు టైపు చేసే లిబ్రేఆఫీస్ ఆ మాట కింద ఎర్రగీత గీస్తుందా? రైట్‌క్లిక్ చేసి డిక్షనరీలో చేర్చమంటే గీత పోతుంది. అలా చేర్చిన మాటలన్నీ స్టాండర్డ్ డాట్ డిఐసి అనే ఫైలులోకి పోతాయి. డాట్ కాన్ఫిగ్‌లో లిబ్రేఆఫీస్, దాంట్లో 4, దాంట్లో యూజర్, దాంట్లో వర్డ్‌బుక్, అక్కడుంటుంది. మామూలు టెక్స్టే, తెరిచి చదువుకోవచ్చు. నా దాంట్లో ఆరేడు వందల మాటలున్నాయి. సగం మా అవ్వ మాటలు. నీదీ తెరిచి చూడు, నీ ఊరు కనిపిస్తుంది.

పెన్‌డ్రైవ్‌తో సరిపెట్టుకోవద్దు. ఫాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ 4 జీబీ దాటిన ఫైలును తీసుకోదు. మీ తాత చేత చెప్పించి వీడియో తీశానన్నావే, అది అంత ఉండొచ్చు. పైగా ఏ ఫైలు ఎవరిదన్న లెక్క అందులో నిలవదు. లైనక్స్ పద్ధతి అయిన ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసిన హార్డ్ డిస్కు మేలు. కాపీ అయ్యాక దాన్ని ఇంకో లైనక్స్ కంప్యూటర్‌కు తగిలించి రెండు మూడు కథలు తెరువు. చివరి పేరా దాకా చదువు. ఫైలు పేరు కనబడింది కదా అని అక్కడే ఆగొద్దు.

ఇన్‌స్టాల్ రోజున మింట్‌ను ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడు, డిస్కును ముట్టుకోదు. వైఫై వస్తోందా, తెలుగు కీబోర్డు పనిచేస్తోందా చూసుకో. 'క్ష' సరిగ్గా పడకపోతే ఆ లైనక్స్ ఎంత అందంగా ఉన్నా మనకెందుకు? అది సరిపోతే ఇన్‌స్టాలర్లో సమ్‌థింగ్ ఎల్స్ ఎంచుకో, డిస్కు తుడిచేది కాదు. ఈసారి డిస్కు మొత్తం కొత్తగా చేస్తాం కాబట్టి రెండు పార్టిషన్లూ ఫార్మాట్ అవుతాయి. ఇంకెప్పుడైనా మార్చినప్పుడు సిస్టం పార్టిషన్‌కు మాత్రమే ఫార్మాట్ టిక్కు పెట్టాలి. హోమ్ దానికి చోటు చూపించి, టిక్కు లేకుండా వదిలెయ్యాలి. యూజర్‌నేమ్ పాతదే ఇవ్వు. ఉబుంటు, మింట్, ఫెడోరా మూడూ మొదటి యూజర్‌కు 1000 అనే నంబరే ఇస్తాయి, కాబట్టి నీ ఫైళ్లు నీకే తెరుచుకోకుండా పోయే తాళాల గొడవ రాదు.

పాత సెట్టింగులన్నీ మోసుకుపోవద్దు. ఒక డెస్క్‌టాప్ సెట్టింగులు ఇంకోదాంట్లో పడితే ప్యానెళ్లు మాయమవడం లాంటి వింతలు జరుగుతాయి. కథలు, ఫాంట్లు, మెయిళ్లు, బుక్‌మార్కులు, ఆ మాటల ఫైలు. ఇవి చాలు. తక్కినవి హార్డ్ డిస్కులోనే పడి ఉండనీ.

ఒకటి అడుగుతా, కోప్పడొద్దు. మింట్ ఎందుకు? అదీ ఉబుంటు పునాది మీద కట్టిందే. ఆ ఉబుంటు 2004లో డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లోంచి పుట్టింది. లిబ్రేఆఫీస్ అన్నిట్లోనూ ఒకటే. ల్యాప్‌టాప్ పాతది, మింట్ తేలిగ్గా నడుస్తుందంటే సరే. నీ ఆరో అధ్యాయం కూడా కదలక కాదు కదా?

ఇక కథ. మీ అక్క బస్సు తప్పిపోయినప్పుడు 'తీవ్ర ఆందోళనకు గురైంది' అని రాశావు. పలమనేరు మనిషి బస్టాండులో అలా గురవదు. ఆ లైను కొట్టెయ్, ఆమె చేతిలో టిఫిన్ క్యారియర్ ఉందన్నావు కదా, దాన్ని చూడు.

ఆదివారం పొద్దున్నే రా. నా దగ్గర 1 టీబీ డిస్కు ఖాళీగా ఉంది. ఛార్జర్ మర్చిపోవద్దు. నీ బ్యాటరీ అరగంట కూడా రాదన్నావు. ఇన్‌స్టాల్ మధ్యలో ఆరిపోతే మళ్లీ మొదట్నుంచీ, మా ఇంట్లో మధ్యాహ్నం సంగటి ఆలస్యం.