బొగ్గు పట్టీ వేలిలా వంగుతుందా?

(సైన్సు సందేహాలకు అమలాపురం నుంచి ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకురాలి జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా తమ్ముడికి 22 ఏళ్లు. రెండేళ్ల క్రితం గడ్డి కోసే యంత్రంలో పడి కుడి చేయి మణికట్టు దాకా పోయింది. కార్బన్‌తో మెత్తని కండరాలు తయారవుతున్నాయని, అవే కదులుతాయని, తాకితే అవే తెలుసుకుంటాయని, కరెంటు కూడా అవే దాచుకుంటాయని చదివి, ఇప్పుడు దొరికే కృత్రిమ చేయి వద్దంటున్నాడు. ఒకే వస్తువు మూడు పనులు ఎలా చేస్తుంది? వాడు ఆగడం మంచిదేనా?
– ఒక అక్క, సిద్దిపేట

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆగవద్దని చెప్పండి. వాడకం లేకపోతే ముంజేతి కండరాలు సన్నబడతాయి. మోటార్లతో నడిచే విద్యుత్ చేయి అందుకునే సంకేతాలు ఆ కండరాల్లోంచి వచ్చేవే. రేపు ఎంత గొప్ప చేయి వచ్చినా దానికీ ఆ కండరాలే కావాలి.

ఇక మొదటి ప్రశ్న. ట్రేసింగ్ కాగితం నుంచి సన్నని ముక్క కత్తిరించి తడి అరచేతిలో పెట్టి చూడండి. క్షణాల్లో చుట్టుకుంటుంది. తడి తగిలిన వైపు ఉబ్బుతుంది, పై వైపు ఉబ్బదు, అందుకే వంగుతుంది. ఏటా మొదటి వారంలో పిల్లలకు ఇది చూపించేదాన్ని. మీ తమ్ముడు చదివిన కార్బన్ కండరం ఒక సన్నని పట్టీ. అందులోనూ జరిగేది ఇదే. అక్కడ నీటికి బదులు అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న రేణువులు, అటూ ఇటూ జరుగుతాయి.

2005లో జపాన్‌లో ఫుకుషిమా, అసకా, ఐదా బృందం అలాంటి పట్టీ చేసింది. అందులో మూడు పొరలు. పైనా కిందా కార్బన్ నానో గొట్టాలు, అంటే వెంట్రుక కంటే వేల రెట్లు సన్నని కార్బన్ గొట్టాలు, మధ్యలో మెత్తని ప్లాస్టిక్. అన్నిటిలోనూ గది వేడికే ద్రవంగా ఉండే ఒక లవణం ఇంకి ఉంటుంది. రెండు మూడు వోల్టులు ఇస్తే లవణంలోని ధనాయాన్లు రుణ ధ్రువం వైపు, రుణాయాన్లు ధన ధ్రువం వైపు వెళతాయి. ధనాయాన్లు పెద్దవి కాబట్టి అవి చేరిన వైపు ఉబ్బుతుంది, పట్టీ రెండో వైపుకు వంగుతుంది. ఇది కదలిక.

ఇప్పుడు కరెంటు ఇవ్వకుండా పట్టీని వేలితో వంచండి. ఒక వైపు నొక్కుకుంటుంది, మరో వైపు సాగుతుంది, అయాన్లు కొంచెం జరుగుతాయి. రెండు పొరల మధ్య మిల్లీవోల్టుల్లో చిన్న వోల్టేజి పుడుతుంది. ఇది స్పర్శ.

మూడోది నిల్వ. ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. కొబ్బరి చిప్పలను కాల్చి, ఆవిరితో రంధ్రాలు పడేలా చేసిన బొగ్గులో ఒక్క గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల పైనే ఉపరితలం ఉంటుంది. మన లెక్కలో దాదాపు పాతిక సెంట్ల భూమి! అయాన్లు ఆ గోడలకు అంటుకుని కూర్చున్నంతసేపూ ఆవేశం నిలిచి ఉంటుంది. కరెంటును దాచుకునే సూపర్ కెపాసిటర్ అనే పరికరం పనిచేసేది ఇలాగే. వంగే పట్టీ నిర్మాణం కూడా అదే కనుక, దాన్ని వంచడానికి ఇచ్చిన విద్యుత్తులో చాలా స్వల్ప భాగమే పనిగా మారుతుంది, చాలావరకు పట్టీలోనే ఉండిపోతుంది. ఒక వేలు తెరుచుకునేటప్పుడు అలా ఉండిపోయినదాన్ని పక్క వేలికి మళ్లించగలిగితే ఎంత ఆదా అవుతుందో ఆలోచించండి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఇంత అందంగా కలిసిన మూడు పనులు ఒకదానికొకటి అడ్డం కూడా వస్తాయి. పట్టీని రెండు వోల్టులతో నడుపుతున్నప్పుడు, స్పర్శ తెలిపే ఆ మిల్లీవోల్టులను విడదీసి చదవడం కష్టం. ఎక్కువ నిల్వ కావాలని కార్బన్ పొర మందం పెంచితే పట్టీ బిరుసెక్కుతుంది, అయాన్లకు దూరం పెరిగి కదలిక మందగిస్తుంది. వోల్టేజి అలాగే ఉంచినా కాసేపటికి వంపు దానంతటదే సడలిపోవచ్చు. ఇక బలం సంగతి. సన్నని పట్టీ నెట్టగలిగేది గ్రాముల లెక్కలోనే. నీళ్లు నిండిన చెంబు ఎత్తడానికి అది చాలదు. ఎన్నో పట్టీలను పేర్చి, అన్నిటినీ ఒకేసారి నడపాలి. సన్నని గొట్టాన్ని వంచడం, చిన్న కవాటాన్ని తెరవడం లాంటి పనులు వీటికి ముందు అందుతాయని, చేయి చాలా తర్వాత వస్తుందని నా అభిప్రాయం. మీ తమ్ముడి ఆశ తప్పు కాదు. కానీ ఈ నెలలోనే చేయి అమర్చే కేంద్రానికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: కరెంటు ఇస్తే కార్బన్ కండరం కదులుతుంది కదా, మనమే దాన్ని కదిలిస్తే కరెంటు వస్తుందా?
– ఇంటర్ విద్యార్థి, భీమవరం

జవాబు: వస్తుంది బాబూ. అమెరికాలోని డల్లాస్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం వారు, దక్షిణ కొరియా పరిశోధకులతో కలిసి 2017లో చేసి చూపారు. నానో గొట్టాల నూలును పాత ఫోను తీగలా చుట్టలు పడేదాకా మెలిపెట్టి ఉప్పునీటిలో ఉంచారు. లాగితే మెలిక బిగుస్తుంది, గొట్టాలు దగ్గరకు ఒత్తుకుంటాయి, ఆవేశానికి చోటు తగ్గుతుంది. గిన్నె ఇరుకైతే అందులోని నీటి మట్టం పెరిగినట్టు వోల్టేజి పెరుగుతుంది. 10 సెంటీమీటర్ల నూలును ఒక బెలూనుకూ, సముద్రం అడుగున ఆనిన బరువుకూ మధ్య కట్టి కొరియా తీరంలో వదిలారు. అల వచ్చినప్పుడల్లా నూలు సాగి కరెంటు పుట్టింది.